వరద బొమ్మకి తరుగు ఎంత?

బేగంబజార్‌లో పాత ఇత్తడి బిందె అమ్మడానికి తీసుకెళితే, కొట్టతను కాటా మీద పెట్టి బరువు చూసి, అందులోంచి కొంత తీసేస్తాడు. దాని పేరు తరుగు. మాటు, మసి, మట్టి పోగా కరిగిస్తే మిగిలేదే అసలు సరుకని లెక్క. ఎంత తియ్యాలన్న దగ్గర బేరం నడుస్తుంది గానీ, తరుగు ఉంటుందన్న సంగతి మీద ఎవరికీ తగువు లేదు. మా ఇంజనీరింగ్ కాలేజీ మిత్రుడి వాళ్ల సామాన్ల కొట్టులో కూచుని టీ తాగుతూ ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ఫోటోలకి కూడా తరుగు ఉంటుందని, దాన్ని ఎవరూ కాటా మీద చూడరని పోయిన సెప్టెంబర్‌లో తెలిసింది.

కొట్టుకి రంగులు వేయిస్తున్నారు. గల్లాపెట్టె వెనక గోడ మీద నాలుగడుగుల వెడల్పుతో ఒక ఫోటో పెట్టాలని మిత్రుడి ఆలోచన. ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు, లేదా అలాంటిది ఇంకోటి చూసి ఉంటారు. 1908 మూసీ వరద. కూలిన గోడలు, మధ్యలో నీళ్లు, ఒక కప్పు మీద నిలబడ్డ మనుషులు. వాళ్ల ఫ్యామిలీ గ్రూపులో ఎవరో పంపారు. కింద 'మన బేగంబజార్, ఫోటో: రాజా దీన్‌దయాళ్' అని ఉంది. వాడి ముత్తాత ఆ వరదలో ఇక్కడే కప్పెక్కి బతికాడని ఇంట్లో నాలుగు తరాలుగా చెప్పుకునే కథ. ఆయన ఫోటో మాత్రం ఒక్కటీ లేదు.

ప్రింటింగ్ షాపతను ఫైలు తెరిచి తల అడ్డంగా ఊపాడు. "పెద్దగ చేస్తే పగిలిపోతది సార్. ఒరిజినల్ తేండ్రి."

ఒరిజినల్ ఎక్కడుంది? నాకు చరిత్ర డిగ్రీ లేదు. ఉన్నది కంప్యూటర్ డిగ్రీ, పదేళ్ల ఉద్యోగం, పాత పుస్తకాల పిచ్చి. "నేను చూస్తాలే" అన్నాను. ఆ మాట అనడం ఎంత తేలికో, నిలబెట్టుకోవడం ఎంత కష్టమో మన ప్రాజెక్టుల్లో అందరికీ తెలిసిందే.

ముందు వరద సంగతి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. అఫ్జల్ పుల్, ముసల్లంజంగ్ పుల్, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతిన్నాయి. 1578 నాటి పురానాపుల్ మాత్రం నిలబడింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్తారు. చనిపోయినవాళ్లు సుమారు 15,000 మందని మామూలుగా ఇచ్చే లెక్క. బేగంబజార్ మూసీకి ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్ పక్కనే ఉంది. నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకిచ్చిన స్థలంలో వెలసిన బజారు కాబట్టి ఆ పేరు. నది పక్కన బజారంటే సరుకు రావడానికి సుఖం, వరదకి దారి.

ఇక ఫోటో. కింద రాసినదాంట్లో మొదటి తప్పు పట్టుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేకపోయింది. రాజా దీన్‌దయాళ్ 1905 జూలైలో చనిపోయారు. మూడేళ్ల తర్వాతి వరదని ఆయన తీయలేరు. 'రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్' అన్న సంస్థ పేరు మాత్రం కొనసాగింది. కొడుకు జ్ఞాన్‌చంద్ నడిపారు. కాలక్రమంలో హైదరాబాద్ పాత ఫోటో ఏది కనిపించినా ఆయన పేరు తగిలించడం మనకి అలవాటైపోయింది.

దీన్‌దయాళ్ గురించి ఒక సంగతి నాకు మహా ఇష్టం. ఆయనా మనలాగే ఇంజనీరింగ్ చదివినవాడు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీ థామసన్ కాలేజీలో చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ నిర్మాణ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కెమెరా పట్టింది ముప్పై ఏళ్ల వయసులో, 1874 ప్రాంతంలో. 1880ల నడుమ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానానికి వచ్చారు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఉద్యోగం చేస్తూ పక్కన వేరే పిచ్చి పెట్టుకున్న ప్రతివాడికీ ఆయన పేరు చెప్పుకునే హక్కుంది.

ఆ కాలంలో ఫోటో సైజు అన్న ప్రశ్నే వేరుగా ఉండేది. నెగటివ్ గాజు పలక. పలకని కాగితం మీద ఆనించి, చట్రంలో బిగించి, ఎండలో పెడితే బొమ్మ దిగేది. పలక ఎంతో బొమ్మ అంత. పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద పలక, పెద్ద పలకకి పెద్ద కెమెరా, దాన్ని మోయడానికి ఎక్కువమంది మనుషులు. ఆరున్నర అంగుళాలకి ఎనిమిదిన్నర అంగుళాల పలకని 'ఫుల్ ప్లేట్' అనేవారు. 10కి 12 అంగుళాల పలకలూ, అంతకంటే పెద్దవీ వాడారు. పెద్దవి చేసే ఎన్‌లార్జర్లు లేకపోలేదు, కానీ రోజువారీ పని ఆనించి దింపడమే. అంటే కెమెరా ముందు నిలబడకముందే బొమ్మ ఎంత ఉండాలో తేల్చుకోవాలి. మనం ఫోటో తీశాక ఆలోచించేది వాళ్లు బయల్దేరే ముందే ఆలోచించేవారు.

పంచుకునే బొమ్మ వేరు, గోడకి వేలాడే బొమ్మ వేరు అన్న తేడా కూడా మన ఫోన్లతో పుట్టింది కాదు. 1854లో పారిస్‌లో డిస్డెరి అనే ఆయన ఒకే పలక మీద ఎనిమిది చిన్న ఫోటోలు తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అట్ట మీద అతికించిన ఆ విజిటింగ్ కార్డు సైజు బొమ్మల్ని జనం ఒకరికొకరు ఇచ్చుకున్నారు, ఆల్బమ్‌లు నింపుకున్నారు. అవి చేతిలో చూసుకోవడానికి. గోడకి పెట్టాలనుకున్నవాడు వేరే తీయించుకునేవాడు. చిన్నదాన్ని సాగదీసి గోడకి పెడదామన్న దురాశ మనది.

ఇక్కడ లెక్క కొంచెం చేద్దాం. భయపడకండి, భాగహారమే.

గ్రూపులో వచ్చిన ఫోటో 960 చుక్కలు వెడల్పు, 640 చుక్కలు ఎత్తు. మొత్తం ఆరు లక్షల పైచిలుకు. 10కి 12 అంగుళాల గాజు పలకని అంగుళానికి 1,200 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 17 కోట్ల చుక్కలొస్తాయి. అంటే అలాంటి పలక నుంచి మన ఫోన్‌లోకి వచ్చేసరికి 280 వంతుల్లో ఒక వంతు మిగిలింది. తరుగు అంటే ఇదీ.

నాలుగడుగులంటే 48 అంగుళాలు. 960ని 48తో భాగిస్తే అంగుళానికి 20 చుక్కలు. చాలతాయా అంటే, ఎంత దూరం నుంచి చూస్తారు అన్నది ఎదురు ప్రశ్న. మంచి చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు తేడాని పసిగడుతుందని ఉజ్జాయింపు. దాని ప్రకారం అడుగు దూరంలో చేతిలో పట్టుకుని చూసే బొమ్మకి అంగుళానికి దాదాపు 290 చుక్కలు కావాలి. పది అడుగుల దూరానికి 29 చాలు. ఫ్లైఓవర్ పక్కన నాయకుడి ఫ్లెక్సీ అంత పెద్దగా ఉండి కూడా బాగానే కనిపించేది అందుకే. దగ్గరికెళ్లి చూస్తే ఆయన ముఖం గోధుమరవ్వ. సరే, పది అడుగుల నుంచి చూస్తే మన వరద ఫోటో కూడా కాస్త అటూఇటూగా నెగ్గుకొస్తుంది. కానీ బేగంబజార్ కొట్టులో పదడుగుల దూరం ఎక్కడుంది? గల్లాపెట్టెకి మూడడుగుల ఇవతల స్టీలు డబ్బాల గుట్ట, దాని ఇవతల గిరాకీ, గిరాకీ వెనక సందు.

ప్రింటింగ్ షాపుల్లో వినిపించే '300 డీపీఐ' మంత్రం ఎక్కడ పుట్టిందో కూడా చెప్పుకోవాలి. అచ్చుయంత్రానికి బూడిద రంగు తెలీదు. సిరా ఉందా లేదా, అంతే. అందుకే 1880ల నుంచి హాఫ్‌టోన్ పద్ధతి వచ్చింది: ఫోటోని చిన్నా పెద్దా చుక్కలుగా విడగొట్టి, చుక్క పెద్దదైతే నలుపు, చిన్నదైతే తెలుపుగా కన్నుని నమ్మించడం. దినపత్రికలోని ఫోటోని భూతద్దంలో చూడండి, ఇప్పటికీ అదే. న్యూస్‌ప్రింట్ సిరాని పీల్చి చుక్కని పరుస్తుంది కాబట్టి అక్కడ అంగుళానికి 85, 100 వరసలు మించనివ్వరు. నున్నటి ఆర్ట్ పేపరు మీద 150 దాకా వెళ్లొచ్చు. పాత పత్రికల్లో మంచి బొమ్మకి వేరే కాగితం వాడేది అందుకే. ఒక వరసకి రెండేసి చుక్కల సమాచారం ఉండాలని జాగ్రత్త. 150ని రెండింతలు చేస్తే 300. అంటే ఆర్ట్ పేపరు నియమం ఒకటి శాసనమై కూచుంది.

దానికి జోడీ '72 డీపీఐ వెబ్‌కి' అన్న మాట. 1984 మెకింటాష్ తెర మీద అంగుళానికి 72 చుక్కలుండేవి. అచ్చుపనివాళ్ల కొలతలో అంగుళానికి 72 పాయింట్లు కాబట్టి, తెర మీది అక్షరం కాగితం మీది అక్షరమంతే ఉండాలని అలా పెట్టారు. ఆ తెరలు పోయి ఎన్నో ఏళ్లయింది. మాట మిగిలింది. నిజానికి ఫైల్లో ఉండే డీపీఐ అంకె ఒక చీటీ మాత్రమే. 960 చుక్కల ఫోటోకి 72 అని చీటీ అంటించినా 300 అని అంటించినా ఉన్నవి 960 చుక్కలే. తెరకి ఆ చీటీతో పనే లేదు. బస్తా మీద రాసిన బరువు మారిస్తే లోపల బియ్యం పెరగవు కదా.

చుక్కలే కాదు, ఉన్న చుక్కల్లోనూ తరుగుంది. మన ఫోటోలు సాధారణంగా జేపెగ్ ఫైళ్లు. ఈ పద్ధతి బొమ్మని 8కి 8 గళ్లుగా, అంటే 64 చుక్కల చతురస్రాలుగా కోసి, ప్రతి గడిలోనూ కన్ను పెద్దగా పట్టించుకోని సన్నటి తేడాల్ని వదిలేస్తుంది. సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం. పెద్దగా చేసి చూస్తే కనిపించే చదరాలు అవే. 1992లో ప్రమాణమైన ఈ పద్ధతికి ప్రాణం 1974 జనవరిలో అచ్చయిన ఒక చిన్న పరిశోధన పత్రం, డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. రాసినవాళ్లు ముగ్గురు: నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. చివరి పేరు విప్పితే కామిశెట్టి రామమోహనరావు. టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పిన ఆచార్యుడు. మన ఫోన్లలో ప్రతి ఫోటో వెనకా మనకి వినపడే పేరొకటి ఉందని ఎంతమందికి తెలుసు?

నసీర్ అహ్మద్ చదివింది బెంగళూరులో విశ్వేశ్వరయ్య పేరు మీదున్న ఇంజనీరింగ్ కాలేజీ. ఏ విశ్వేశ్వరయ్య? 1908 వరద తర్వాత మళ్లీ అలా జరగకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం పిలిపించిన ఆయనే. పైన నీళ్లు ఆపమన్న ఆయన సలహా నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. నగరాన్ని వరద నుంచి కాపాడే దారి చూపిన మనిషి కాలేజీలో చదువుకున్న విద్యార్థి, ఆ వరద ఫోటోని మన జేబులో పట్టేలా కుదించే లెక్కకి మూలపురుషుడు. కాకతాళీయమే. కానీ ఆ రాత్రి ఇది తెలిసి కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు.

గడువు దగ్గర పడుతోంది. పెద్ద స్కాన్ దొరకలేదు. దీన్‌దయాళ్ గాజు పలకలు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి గానీ, మన ఫోటో ఎవరు తీసిందో తెలియకుండా ఎక్కడని వెతకడం? ఫోటో అడుగు అంచున తెల్లటి గీతల కొసలు కనిపిస్తున్నాయి. అక్కడ ఏదో చేతిరాత ఉండేది. ఎవరో ఎప్పుడో తెరకి సరిపోలేదని కత్తిరించారు. స్థలమో, నంబరో, తీసినవాడి పేరో ఆ కత్తిరింపులో పోయింది. సైజు కోసం చేసిన పని సాక్ష్యాన్ని మింగేసింది. 'మన బేగంబజార్' అన్నది తర్వాత ఎవరో ప్రేమతో చేర్చిన మాట.

అప్పుడు నేను చేతికందిన కృత్రిమ మేధ పనిముట్టుకి ఫోటో అప్పజెప్పి నాలుగింతలు చేయమన్నాను. పాత సాఫ్ట్‌వేర్ అయితే పక్క చుక్కల సగటు తీసి ఖాళీలు నింపేది. బొమ్మ మసకగా ఉండేది, అబద్ధం చెప్పేది కాదు. ఇది వేరు. లక్షల ఫోటోలు చూసి, ఇక్కడ ఏముండొచ్చో ఊహించి గీస్తుంది. రెండు నిమిషాల్లో గోడల ఇటుకలు తేలాయి. దుకాణాల పైన మచ్చలు బోర్డులయ్యాయి. వాటి మీది అక్షరాలు ఉర్దూ కాదు, తెలుగు కాదు, నాగరీ కాదు. అది చూసినప్పుడే ఆగాల్సింది. కానీ మొత్తం మీద ఎంత బాగుందో! ల్యాప్‌టాప్ పట్టుకుని కొట్టుకి వెళ్లాను.

మిత్రుడి నాన్న కళ్లద్దాలు తుడుచుకుని చూశారు. డెబ్బై దాటిన మనిషి. కప్పు మీద నిలబడ్డవాళ్లలో ఎడమ నుంచి మూడో మనిషి దగ్గర ఆయన వేలు ఆగింది. ముఖం తేటగా ఉంది. గుబురు మీసాలు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "మా తాతకు గిట్లనే మీసాలుండెనట. మా నాయిన చెప్తుండె. గీయన మా తాతనే కావచ్చు బిడ్డా" అన్నారు. కళ్లు తడిశాయి.

మిత్రుడు నా వైపు చూశాడు. వాడికేం తెలుసు? నాకు తెలుసు. ఆ రాత్రే అసలు ఫైల్లో ఆ ముఖం దగ్గర చుక్కలు లెక్కపెట్టాను కాబట్టి. వెడల్పు 6, ఎత్తు 8. మొత్తం 48 చుక్కలు. ఒక్క జేపెగ్ గడి కూడా నిండదు. అందులో మీసం లేదు, కళ్లు లేవు. చీకటి మచ్చ, కింద కొంచెం వెలుతురు మచ్చ. మీసాలు మిషన్ పెట్టినవి.

చెప్పకుండా ఊరుకుంటే? ఆ ఇంట్లో నాలుగు తరాలుగా లేని ముఖం దొరుకుతుంది. ఎవరికీ నష్టం లేదనిపించింది. కానీ రేపు వాడి పిల్లలు ఆ ముఖాన్ని తమ వంశంలోకి తీసుకుంటారు. ఎవరో దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెడతారు. ఇంకో పదేళ్లకి అదే 'ఒరిజినల్' అయి కూచుంటుంది. నిజంగా ఆ కప్పు మీద నిలబడ్డ మనిషి, అతనెవరైతే అతను, అతని ముఖం రెండోసారి కొట్టుకుపోతుంది. ఈసారి కొట్టుకుపోయేది నా చేతిలో.

చెప్పాను. తడబడుతూ, అంకెలతో సహా. అసలు ఫైలు తెరిచి ఆ 48 చదరాలూ పెద్దగా చేసి చూపించాను. ఆయన కోప్పడలేదు. గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించి, "అంటే మస్తు తరుగు పోయింది" అన్నారు. కాసేపటికి, "అయితే పెద్దగ చెయ్యకు బిడ్డా. ఉన్నంతనే పెట్టు. లేనిది కలపకు" అన్నారు. జీవితమంతా లోహంలో కల్తీ పట్టుకున్న మనిషికి వేరే వివరణ అవసరం లేకపోయింది.

అంగుళానికి 150 చుక్కల చొప్పున లెక్కేసి ఆరున్నర అంగుళాల లోపు వెడల్పుతో మంచి మ్యాట్ కాగితం మీద ప్రింట్ తీయించాం. గోడ మీద చోటు నాలుగడుగులది కదా, చట్రం పెద్దదే చేయించి, చుట్టూ తెల్లటి అట్ట వదిలేశాం. బిందెల మీద పేర్లు చెక్కే కుర్రాడు పక్క సందులోనే ఉంటాడు. చిన్న ఇత్తడి రేకు మీద చెక్కమని మాటలు రాసిచ్చాను: 'మూసీ వరద, 1908 సెప్టెంబర్. చోటు, తీసినవారు తెలియదు.' రెండో వాక్యం ఎందుకని ఆ కుర్రాడు అడిగాడు. ఆ గీతల కొసల గురించి చెప్పాను. "అరే, పేరే కోసేసిండ్రా" అని నవ్వి, చెక్కడం మొదలుపెట్టాడు.

ఇంట్లో పాత ఫోటోలున్నవాళ్లకి ఒక మాట. నాలుగుకి ఆరంగుళాల పాత ప్రింటుని అంగుళానికి 600 చొప్పున స్కాన్ చేసి, ముట్టుకోని ఒక ప్రతిని పక్కన దాచండి. తెర కోసం పొడవు వైపు 1,600 చుక్కలకి కుదించిన ప్రతి వేరే చేసుకోండి, పంచుకోవడానికి అది చాలు. అంచులూ వెనకవైపూ కూడా స్కాన్ చేయండి. పేర్లుండేది అక్కడే.

మొన్న కొట్టుకి వెళ్లినప్పుడు ప్రెషర్ కుక్కర్ కొనడానికి వచ్చిన ఒకావిడ అంత పెద్ద చట్రంలో అంత చిన్న బొమ్మేంటని గల్లాపెట్టె మీదికి వంగి చూస్తోంది. పెద్దాయన కుక్కర్ మూత పక్కన పెట్టి, రేకు మీద రాసింది ఆవిడకి చదివి వినిపిస్తున్నారు.